అరుంధతి: రెండో మాట

అరుంధతి పక్కన ఇంకో నక్షత్రం ఉంది. 2009 దాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్తున్నది వసిష్ఠుడి గురించి కాదు. ఆయన కంటికి కనబడుతూనే ఉన్నాడు. ఇది అరుంధతిని అంటిపెట్టుకుని, ఆమె వెలుగులో పూర్తిగా మునిగిపోయిన ఒక రెడ్ డ్వార్ఫ్, ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. బరువు సూర్యుడిలో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. దానికంటూ ఒక పేరు కూడా లేదు. ఖగోళ శాస్త్రంలో అరుంధతిని ఆల్కార్ అంటారు కాబట్టి దీన్ని ఆల్కార్ బి అన్నారు, అంతే.

సప్తర్షి మండలాన్ని గరిటెలా ఊహించుకుంటే కాడ చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు. శాస్త్రజ్ఞుల భాషలో మిజార్. దాని పక్కన మసగ్గా కనబడేది అరుంధతి. రెండింటి మధ్య ఎడం నిండు చందమామ వెడల్పులో సగం కూడా ఉండదు. మన నుంచి దూరం ఇంచుమించు 82 కాంతి సంవత్సరాలు. అంటే ఇవాళ రాత్రి మనం చూసే వెలుగు 1940లలో బయల్దేరింది. నక్షత్రాల దూరాల్లో ఇది పక్కవీధి కింద లెక్క.

చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ఒక ప్రశ్న గురించి ఆలోచించడానికి ఈ నక్షత్రం నాకు పనికొచ్చింది. ఒకరిని నిజం దగ్గరికి తీసుకెళ్ళడానికి ముందుగా నిజం కాని మాట ఒకటి చెప్పవచ్చా? చెబితే, ఆ చెప్పినవాళ్ళు తర్వాత ఏం చేయాలి? మన దగ్గర ఈ పద్ధతికి వెయ్యేళ్ళు దాటిన పేరు ఒకటి ఉంది. ఆ పేరులో ఉన్నదీ అరుంధతే.

*

స్థూలారుంధతీ న్యాయం అంటారు దాన్ని. అరుంధతి చిన్న చుక్క. వేలు చూపించి ‘అదిగో’ అంటే కొత్తగా చూసేవాడికి దొరకదు. అందుకని చూపించేవాడు ముందు పక్కనున్న పెద్ద చుక్కని చూపించి ‘అదే అరుంధతి’ అంటాడు. చూపు అక్కడ కుదురుకున్నాక, ‘అది కాదు, దాని పక్కన చిన్నగా ఉంది చూడు, అదీ అరుంధతి’ అంటాడు. రెండు వాక్యాలు. మొదటిది అబద్ధం, రెండోది నిజం. మొదటిది లేకపోతే రెండోది అందదు.

వేదాంతం చెప్పేవాళ్ళు ఈ ఉదాహరణని తరచుగా వాడతారు. తెలిసినదాంతో మొదలుపెట్టి తెలియనిదానికి తీసుకెళ్ళడం అని అర్థం చెప్పి ముందుకి వెళ్ళిపోతారు. కానీ శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని వాడిన చోట ఇంతకన్నా పదునైన విషయం ఉంది. మొదటి అధ్యాయం, మొదటి పాదం, ఎనిమిదో సూత్రం దగ్గర వస్తుంది ఆ చర్చ. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి ‘సత్తు’ గురించి చెప్తాడు. ఆ సత్తు అంటే మేం చెప్పే ప్రధానమే, జడప్రకృతే అంటారు సాంఖ్యులు. దాని మీద ఒక సందేహం: ప్రధానం ఆత్మ కాకపోయినా, ఆత్మని చూపించడానికి ముందు మెట్టుగా దాన్ని చూపించి ఉండొచ్చు కదా, అరుంధతి కోసం పెద్ద చుక్కని చూపించినట్టు? భాష్యం ఇచ్చే జవాబు ఇది: అలాగే అయితే ఆ తర్వాత ఎక్కడో ఒకచోట ‘అది కాదు’ అని దాన్ని తోసిపుచ్చి ఉండాలి. ఆ అధ్యాయం చివరిదాకా చూసినా అలా తోసిపుచ్చిన మాట లేదు. కాబట్టి అది మెట్టు అనుకోవడానికి వీల్లేదు.

సాంఖ్యులూ వేదాంతులూ తేల్చుకోవలసిన విషయంలో నేను వేలు పెట్టను. నాకు కావలసింది ఆ తర్కంలో ఉన్న నియమం. ఒక మాట మెట్టుగా చెప్పారా, అదే చివరి మాటా అన్నది ఆ మాటని చూసి తేల్చలేం. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారా లేదా అన్నదొక్కటే గుర్తు. ఇది చాలా కఠినమైన నియమం. ‘నిదానంగా చెబుదామనుకున్నాను’ అన్నదానికి ఇందులో చోటు లేదు. అనుకోవడం లోపల జరిగే పని. ‘అది కాదు’ అనడం నోటితో చేయాల్సిన పని.

కాంట్‌ని అడిగితే అసలు మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తాడు. స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడితో కూడా అబద్ధం చెప్పకూడదని 1797లో వ్యాసం రాసిన మనిషి ఆయన. పెద్ద చుక్కని చూపించి అరుంధతి అనడాన్ని ఒప్పుకుంటాడని నేననుకోను. నాకు మాత్రం ఆ రెండు వాక్యాల్నీ విడదీసి చూడటమే సరికాదనిపిస్తుంది. అవి రెండూ కలిసి ఒకే పని. ఈత నేర్పేవాడు పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం, కాసేపాగి ఆ చెయ్యి తీసెయ్యడం, రెండూ కలిపితేనే ఈత నేర్పడం అయినట్టు. పని పూర్తయితే అందులో అబద్ధం లేదు. సగంలో ఆగిపోతే మాత్రం మిగిలేది అబద్ధమే, అది ఎంత ప్రేమతో మొదలైనదైనా.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న కథ మనందరికీ తెలుసు. ద్రోణుడు అడిగితే ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడన్నాడు. చనిపోయింది ఏనుగు అన్న మాటని కూడా అన్నాడు, కానీ వినబడకుండా అన్నాడు. వాక్యాలుగా చూస్తే ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రెండో మాట ఉంది, అది చేరవలసినవాడికి చేరలేదు, అంతే. నేల మీద నాలుగంగుళాలు పైన నడిచే ఆయన రథం కిందికి దిగిపోయిందని కథ. రెండో మాటని అనడమే కాదు, అది వినబడిందో లేదో చూసుకోవడం కూడా చెప్పేవాడి పనేనని ఆ రథం కథ చెప్పింది.

*

మిజార్, ఆల్కార్‌ల గురించి మనిషికి తెలిసిన చరిత్రంతా ఇలాంటి ‘అది కాదు’ల వరసే.

1617 జనవరిలో గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి, మిజార్‌ని టెలిస్కోపుతో ఒకసారి చూడమని గురువుగారికి రాశాడు. గెలీలియో చూశాడు. ఒకటనుకున్న మిజార్ రెండు చుక్కలు. వాటి మధ్య ఎడం 15 ఆర్క్‌సెకండ్లని రాసిపెట్టుకున్నాడు. ఇవాళ్టి కొలత 14 కంటే కాస్త ఎక్కువ. నాలుగు వందల ఏళ్ళ కిందటి టెలిస్కోపుతో అది గొప్ప కొలతే. ఇలాంటి జంటల మీద ఆయన పెట్టుకున్న ఆశ వేరే ఉంది. ఆ రెండింటిలో ఒకటి దగ్గరగా, ఇంకోటి చాలా దూరంగా ఉండి మన చూపుకి మాత్రమే పక్కపక్కన పడుతున్నాయనుకుందాం. అప్పుడు భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నకొద్దీ వాటి మధ్య ఎడం మారుతున్నట్టు కనబడాలి. కనబడితే భూమి తిరుగుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మిజార్‌లో ఆ మార్పు కనబడేది కాదు. ఎందుకంటే ఆ రెండూ నిజంగానే పక్కపక్కన ఉన్న తోబుట్టువులు.

1889లో హార్వర్డ్ అబ్జర్వేటరీ నుంచి ఎడ్వర్డ్ పికరింగ్ ఇంకో సంగతి ప్రకటించాడు. ఆ రెండింటిలో పెద్దదాని వర్ణపటంలో ఒక గీత కొన్నాళ్ళు ఒంటిగా, కొన్నాళ్ళు రెండుగా చీలి కనబడుతోంది. అంటే అక్కడున్నవి రెండు నక్షత్రాలు. ఒకటి మనవైపు వస్తుంటే ఇంకోటి అవతలికి పోతోంది. టెలిస్కోపులో విడిగా చూడకుండానే, వెలుగుని విడదీసి కనుక్కున్న మొట్టమొదటి జంట నక్షత్రం ఇదే. ఆ పని వెనక అంటోనియా మోరీ అనే శాస్త్రజ్ఞురాలి శ్రమ ఉంది. అవి ఒక చుట్టు తిరగడానికి 104 రోజులు పడుతుందని మొదట అన్నారు. తర్వాత అది కాదు, 20 రోజులన్నర అని తేలింది. 1908కి గెలీలియో చూసిన రెండో చుక్క కూడా జంటేనని తెలిసింది. అలా వసిష్ఠుడు ఒక్కడనుకుంటే నలుగురయ్యారు.

అరుంధతి మాత్రం ఒక్కతిగానే మిగిలింది. చిన్న అనుమానం అయితే ఉండేది. 1990లో ఎగిరిన రోసాట్ అనే ఉపగ్రహం ఆల్కార్ వైపు నుంచి ఎక్స్‌రేలు వస్తున్నట్టు పసిగట్టింది. ఆల్కార్ లాంటి వేడి తెల్ల నక్షత్రాల నుంచి మామూలుగా ఎక్స్‌రేలు రావు. సూర్యుడి పైపొరల్లో గంజి ఉడికినట్టు పైకీ కిందికీ ఒక కదలిక ఉంటుంది. దానివల్ల పుట్టే అయస్కాంత శక్తి పైనున్న పల్చటి వాయువుని లక్షల డిగ్రీల వేడికి తెస్తుంది, ఎక్స్‌రేలు అక్కణ్ణుంచి వస్తాయి. వేడి తెల్ల నక్షత్రాల పైపొరలు అలా ఉడకవు. వయసులో ఉన్న చిన్న ఎర్ర నక్షత్రాల్లో అయితే ఆ ఉడుకు మరీ ఎక్కువ. ఇల్లు తాళం వేసి ఉన్నా లోపలి నుంచి పోపు వాసన వచ్చినట్టు అన్నమాట.

2009లో రెండు బృందాలు దేనికది విడిగా ఆ నక్షత్రాన్ని పట్టుకున్నాయి. ఒకటి అరిజోనాలోని ఎమ్.ఎమ్.టి. టెలిస్కోపుతో, ఇంకోటి కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ మీదున్న 5 మీటర్ల టెలిస్కోపుతో. పాలొమార్ వాళ్ళు ఆల్కార్ వెలుగుకి కరోనాగ్రాఫ్ అనే పరికరాన్ని అడ్డుపెట్టారు. ఎండలో దూరంగా వచ్చేదెవరో చూడటానికి మనం సూర్యుడికి చెయ్యి అడ్డం పెట్టుకుంటామే, అలాంటిదే. పక్కన ఒక చుక్క కనబడింది. అది వెనక ఎక్కడో ఉన్న వేరే నక్షత్రం కావచ్చు. అందుకని 103 రోజులు ఆగి మళ్ళీ చూశారు. ఆ మూడు నెలల్లో భూమి తన దారిలో జరిగింది కాబట్టి, ఆల్కార్ వెనకనున్న నక్షత్రాల మీద కొంచెం జరిగినట్టు కనబడుతుంది. ఆ చుక్క కూడా దానితోపాటే జరిగింది. గెలీలియో జంట నక్షత్రాల్లో వెతకమన్న కదలిక ఇదే. ఆయనకి దొరకని ఆ కదలికే, నాలుగు శతాబ్దాల తర్వాత అరుంధతి తోడుని పట్టిచ్చింది. రెండింటి మధ్య దూరం సూర్యుడికీ నెప్ట్యూన్‌కీ మధ్య ఉన్నంత ఉంటుంది.

ఈ కథలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. పెద్ద వెలుగు పట్టుకుని చిన్న వెలుగు దగ్గరికి వెళ్ళమంటుంది పాత న్యాయం. 2009లో పెద్ద వెలుగుని మూసేస్తే తప్ప చిన్నది కనబడలేదు. మొదటి చుక్క దారి చూపిస్తుంది, నిజమే. అక్కడే ఉండిపోతే ఆ దారికి అడ్డం నిలబడేదీ అదే. మనకి కనబడే ఆకాశమంతా ఇలాగే ఉంది. మన పాలపుంతలోని నక్షత్రాల్లో ఇంచుమించు నాలుగింట మూడొంతులు ఎర్ర మరుగుజ్జులే. వాటిలో ఒక్కటీ మామూలు కంటికి కనబడదు. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అన్నిటికంటే దగ్గరున్న ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా, కనబడదు. కంటికి కనబడేవాటిని చూసి నక్షత్రాలంటే ఇలా ఉంటాయని అనుకుంటే, ఊళ్ళో మేడల్ని మాత్రమే లెక్కపెట్టి ఊరి సంగతి చెప్పినట్టు.

మొదటి మాట ఎందుకు అంత గట్టిగా పాతుకుపోతుంది? నా ఉద్యోగంలో దీన్ని రోజూ చూస్తాను. ప్రోగ్రామ్ రాసేటప్పుడు టైము లేక ఒక అడ్డదారి పెడతాం. దాని పైన ‘ప్రస్తుతానికి ఇలా ఉంచుతున్నాను, తర్వాత సరిచేయాలి’ అని ఒక కామెంట్ రాస్తాం. దాన్ని టూడూ అంటాం. రాసినవాడు నిజాయితీగానే రాస్తాడు. అయితే ఆ అడ్డదారి పనిచేస్తుంది. పనిచేస్తున్నదాన్ని కదిపే తీరిక ఎవరికీ ఉండదు. రాసినవాడు ఉద్యోగం మారిపోతాడు. ఆరేళ్ళ తర్వాత కొత్తగా చేరిన కుర్రాడికి దాన్ని చూపించి ‘మన సిస్టమ్ డిజైన్ ఇది’ అని చెప్తారు. మధ్యలో అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. పెద్ద చుక్కతో పని జరిగిపోతుంటే చిన్న చుక్కని అడిగేవాడుండడు, ఉన్నదల్లా అదే.

*

ప్రోగ్రాములో అయితే పోయేదేముంది, ఓ రాత్రి నిద్ర. మనుషుల విషయంలో అంతతో పోదు.

అరుంధతికి పెళ్ళితో ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. చావుతో కూడా ఒక సంబంధం ఉంది. చరకసంహిత ఇంద్రియస్థానంలో, చావు దగ్గరపడిన గుర్తులు చెప్పేచోట, సప్తర్షుల దగ్గరున్న అరుంధతిని చూడలేనివాడికి ఏడాదే గడువని ఉంది. పాతకాలం వాళ్ళలో చాలామందికి ఈ మాట తెలుసు. మా తాతయ్యకీ తెలుసు.

నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా ఆయనకి కడుపులో కాన్సర్ అని తేలింది. డాక్టరు ఇంట్లో పెద్దవాళ్ళని గదిలోకి పిలిచి చెప్పాడు. తాతయ్యతో మాత్రం పుండు అని చెప్పారు. అలా చెప్పినవాళ్ళకి ఆయన్ని మోసం చేయాలని లేదు. ముందు పుండు అందాం, మందులు పడ్డాక నెమ్మదిగా అసలు సంగతి చెబుదాం అనుకున్నారు. అచ్చంగా స్థూలారుంధతీ న్యాయమే.

రెండో మాట రాలేదు. మందులు పడ్డాక కాస్త తిండి సయించింది. బాగానే ఉన్నాడు కదా, ఇప్పుడెందుకు అన్నారు. తర్వాత నీరసించిపోయాడు, ఈ పరిస్థితిలో ఎలా చెప్తాం అన్నారు. బాగుంటే బాగున్నాడని, బాగోకపోతే బాగోలేదని, చెప్పాల్సిన రోజు వెనక్కి జరుగుతూనే ఉంది. ఆ ఎండాకాలం అందరం డాబా మీద పడుకునేవాళ్ళం. ఒక రాత్రి ఆయన నన్ను అడిగాడు, “అరుంధతి కనబడుతోందిరా నీకు?” అని.

“కనబడుతోంది తాతయ్యా.”

“నాకు కనబట్టంలేదు.”

“శుక్లాలున్నాయి కదా నాన్నా, ఎలా కనబడుతుంది?” అన్నాడు పక్కమంచం మీంచి మా బాబాయి. ఆ మాటా నిజమే. కళ్ళలో శుక్లాలు ఉన్నాయి. తాతయ్య ఇంకేమీ అడగలేదు.

పొలం గట్టు తగాదాలో ఇరవయ్యేళ్ళుగా మాటల్లేని తమ్ముడు ఆయనకి పక్కూళ్ళో ఉన్నాడు. ఆ చిన్నతాతయ్య మా ఇంటి గడప తొక్కింది తాతయ్య పదోరోజుకే. సంగతి తెలిసుంటే తమ్ముడికి కబురు పెట్టేవాడా? పెట్టేవాడు కాదేమో కూడా. ఆయన పంతం అలాంటిది. కానీ పెట్టాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవలసిన సంగతి. తన దగ్గర ఎంత కాలం ఉందో తెలియని మనిషి దాన్ని ఎలా తేల్చుకుంటాడు?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆయనకే తెలుసుకోవాలని లేదేమో. శుక్లాల మాట విని ఊరుకోవడం అందుకేనేమో. అలా అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నిజమే, అరుంధతిని చూపించే పద్ధతి చూస్తానని వచ్చినవాడి కోసం. వద్దన్నవాడి తల పట్టుకుని ఆకాశం వైపు తిప్పమని ఎవరూ చెప్పలేదు. 2000లో వాల్టర్ బైల్, రాబర్ట్ బక్‌మన్, మరికొందరు వైద్యులు కలిసి, కాన్సర్ రోగులకి చెడ్డ కబురు ఎలా చెప్పాలో ఆరు మెట్లుగా రాశారు. స్పైక్స్ అని దాని పేరు. అందులో కబురు చెప్పడం నాలుగో మెట్టు. దానికి ముందు మూడున్నాయి. ఒకటి, నెమ్మదిగా కూర్చుని మాట్లాడే చోటు చూసుకోవడం. రెండు, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం. మూడు, ఇంకా ఎంత తెలుసుకోవాలనుందో అడగడం. ఆ మూడో మెట్టు మీద రోగి ‘నాకొద్దు, మావాడికి చెప్పండి’ అనవచ్చు. అంటే అక్కడితో ఆగాలి. కానీ ఆ మాట అనవలసింది రోగి. ఆయన తరఫున చుట్టూ ఉన్నవాళ్ళు అనేసుకుంటే అది ఆయన ఎంచుకున్న మౌనం అవదు. ‘నాకు కనబట్టంలేదు’ అన్నది ఆయన అడిగిన ప్రశ్నేనని, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అనిపిస్తూ ఉంటుంది.

*

అయితే మొదటి మాట ఎప్పుడు చెప్పవచ్చు? ఆ న్యాయంలోంచే నాకు మూడు షరతులు కనబడతాయి.

చూపించే చుక్క అసలు చుక్క పక్కనే ఉండాలి. అరుంధతి కోసం వసిష్ఠుణ్ణి చూపించవచ్చు, దక్షిణం వైపు తిప్పి అగస్త్యుణ్ణి చూపించకూడదు. కాన్సర్ ఉన్నవాడికి కడుపులో పుండు అని మొదలుపెడితే అక్కణ్ణుంచి ఒక అడుగు వేయడానికి దారుంది. ఏమీ లేదు, ఉత్త గ్యాస్ అంటే దారి లేదు. రెండో మాట చెప్పాలంటే మొదటిదాన్ని పూర్తిగా చెరిపెయ్యాలి.

చూపించినవాడు పక్కనే నిలబడి ఉండాలి. వేలు చూపించి వెళ్ళిపోయేవాడికి ఈ పద్ధతి వాడే హక్కు లేదు. బడిపిల్లలకి ఎలక్ట్రాన్లు గ్రహాల్లా కేంద్రకం చుట్టూ తిరుగుతాయని చెప్పడం తప్పు కాదు. పై తరగతిలో ఎవరో ఒకరు అలా కాదని చెప్పే ఏర్పాటు బడిలో ఉంది. తొమ్మిదో తరగతితో చదువు మానేసిన పిల్లకి ఆ రెండో మనిషి ఎదురుకాడు. ఆ అమ్మాయికి జీవితాంతం పెద్ద చుక్కే అరుంధతి. చదువు మధ్యలో ఆగిపోవడంలో ఇదొక నష్టం ఉంది, దాన్ని మనం లెక్కలో వేసుకోం.

మూడోది చూసేవాడికి సంబంధించినది. ‘కనబడలేదు’ అనే వీలు వాడికి ఉండాలి. వాడు ఆ మాట అంటేనే చూపించేవాడికి తన పని ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది. భయానికో మొహమాటానికో ‘కనబడింది’ అంటే పాఠం అక్కడితో ముగిసిపోతుంది, పెద్ద చుక్క దగ్గరే.

ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే ఒక మెసేజ్‌కి ఈ మూడు షరతులూ పెట్టి చూద్దాం. దాని సారాంశం ఇది: మామూలు జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుంది, వసిష్ఠుడూ అరుంధతీ మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, మన పూర్వులకి ఇది తెలుసు కాబట్టే పెళ్ళిలో చూపించారు. పంపేది సాధారణంగా మేనమామో పెదనాన్నో అయ్యుంటారు. మన వయసువాళ్ళు అయితే నవ్వి ఊరుకుంటారు, లేదా అందరి ముందూ ఆయన్ని తీసిపారేస్తారు. రెండూ నాకు నచ్చవు. ఆ మెసేజ్ ఒక పెద్ద చుక్క. దాన్ని చదివి ఎవరైనా ఉత్తరం వైపు తలెత్తి చూస్తే మంచిదే. అక్కడ ఆగకుండా రెండో మాట చెప్పాలి. ఏ జంటలోనైనా రెండూ కదులుతాయి. ఇద్దరి మధ్యా ఉన్న ఒక ఉమ్మడి బిందువు చుట్టూ ఇద్దరూ తిరుగుతారు, బరువైనది తక్కువ, తేలికది ఎక్కువ. ఇది వసిష్ఠుడికో అరుంధతికో ప్రత్యేకమైన మర్యాద కాదు, భూమికీ చంద్రుడికీ కూడా అంతే. పైగా వాళ్ళిద్దరూ ఒకరి ఆకర్షణలో ఒకరు ఉన్నారా, లేక ఒకే గుంపులో పుట్టి పక్కపక్కన నడుస్తున్నారా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. తిరుగుతున్నా, ఒక చుట్టుకి లక్షల సంవత్సరాలు పడుతుంది. ఏ ఋషీ కూర్చుని చూడగలిగింది కాదు. ఆ ఎర్ర మరుగుజ్జు విషయానికొస్తే, అరుంధతి బరువు సూర్యుడికి దాదాపు 1.8 రెట్లు, దాని బరువు 0.3 రెట్లు. కాబట్టి ఆ రెండింటి ఉమ్మడి బిందువు, మధ్య దూరంలో ఏడో వంతు అరుంధతి నుంచి ఇవతలికి ఉంటుంది. కంటికి కనబడనిది కూడా, కనబడేదాన్ని ఆమాత్రం పక్కకి లాగుతోంది.

ఇందులోంచి ఇంకో నీతికథ అల్లాలని నాకూ అనిపిస్తుంది. పాతివ్రత్యానికి గుర్తుగా పెళ్ళికూతురికి చూపించే అరుంధతికి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియని సొంత లోకం ఒకటుందని రాయవచ్చు. వినడానికి బాగుంటుంది. ఆ తెల్ల నక్షత్రం ఇంకో రెండు వందల కోట్ల ఏళ్ళలోపే అయిపోతుంది, ఎర్రది మాత్రం అంతకి వందల రెట్ల కాలం నింపాదిగా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, చిన్నవాళ్ళదే చివరికి గెలుపు అనీ రాయవచ్చు. కానీ నక్షత్రాలు మన సంసారాల కోసం తిరగట్లేదు. అలాంటి కథ అల్లితే నేను కూడా మెసేజ్ పంపిన పెదనాన్న చేసిన పనే చేసినట్టు. ఆరు నక్షత్రాలు అన్న లెక్క కూడా ఇవాళ్టికి చెప్పగలిగిన మాట మాత్రమే. ఇంకాస్త మంచి అడ్డు పెట్టుకుని ఎవరైనా చూసి, అది కాదు అనవచ్చు. అనాలి కూడా.

పెళ్ళిమండపం సంగతికి వస్తే, పట్టపగలు ముహూర్తానికి కూడా పురోహితుడు బయటికి తీసుకొచ్చి ఆకాశం చూపించి ‘కనబడిందా’ అంటాడు, ఇద్దరూ తలూపుతారు. రాత్రి ముహూర్తమైనా హైదరాబాదు ఫంక్షన్ హాళ్ళ లైట్లలో అరుంధతి కనబడటం కష్టం. ఆ తలూపడాన్ని అబద్ధమని ఎవరూ అనరు, అక్కడ ఎవరూ మోసపోవట్లేదు. అయినా అక్కడ నిలబడ్డ ఇద్దరూ ఇకమీదట ఒకరికొకరు చాలా చెప్పుకోవలసి వస్తుంది. అప్పు సంగతి, జబ్బు సంగతి, ఉద్యోగం పోయిన సంగతి, మనసు మారిన సంగతి. ఇవేవీ ఒక్క వాక్యంలో చెప్పగలిగేవి కావు. మెట్లు కావాలి. ముందు ఒక పెద్ద చుక్కని చూపించాల్సి రావచ్చు. అందుకే ఆ తంతులో నాకు మిగతా అన్నిటికన్నా విలువైనదిగా కనబడేది, మనం తొందరలో వదిలేస్తున్న భాగం. ‘కనబడిందా అమ్మా’ అంటే ‘లేదండీ’ అని పెళ్ళికూతురు అనగలగాలి. నవ్వకుండా, విసుక్కోకుండా, చీకటి పడేదాకా ఆగి మళ్ళీ చూపించడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.